దొరలకు ఏం వండాలి, అక్కయ్యా?

(ఈ శీర్షిక రాసే అక్కయ్య గుంటూరులో పుట్టి పెరిగారు. నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. చర్చి స్త్రీల సమాజం తరఫున ఇరవై ఏళ్ళు విదేశీ టీముల తిండీ తిప్పలూ చూశారు. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఆ సంగతి మీదే.)

ప్రశ్న: అక్కయ్యగారికి ప్రభువు నామమున వందనాలు. మాది తెనాలి దగ్గర ఊరు. మా అయ్యగారు పద్నాలుగేళ్ళుగా ఇక్కడ సంఘం నడుపుతున్నారు. వచ్చే జూన్‌లో అమెరికా నుంచి 16 మంది పది రోజులకి వస్తున్నారు. ఇద్దరు నర్సులు, మిగతావాళ్ళు ఎక్కువమంది కాలేజీ పిల్లలు. పిల్లలకి వి.బి.ఎస్. (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి), ఊళ్ళో మెడికల్ క్యాంపు, సాయంత్రాలు బహిరంగ కూడికలు పెడదామంటున్నారు. అందరూ మా ఇంట్లో, చర్చి హాల్లో సర్దుకుంటారట. వాళ్ళకి ఏం వండాలి? కారం తింటారా? నీళ్ళు కాచి ఇస్తే చాలా? ఇంకో సంగతి. కమోడ్ పెట్టించడానికి, రెండు ఏసీలకి అయ్యగారు నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర తెస్తానంటున్నారు. ఈ మాట నేను అన్నానని ఆయనకి తెలియనివ్వకండి.
— ఒక పాస్టరమ్మ

జవాబు: పాస్టరమ్మగారూ, వందనాలు. మీరు అడిగింది వంట గురించి కాబట్టి ముందు వంటే చెబుతాను.

మా నాన్న మిషన్ బంగళాలో వంటవాడు. ఎండుమిరపకాయ తగలకుండా చారు కాచడం గుంటూరు మొత్తానికి ఈయనొక్కడికే చేతనవునని మా అమ్మ వేళాకోళం చేసేది. ఆయన లెక్క ఒకటుండేది. కొత్తగా దిగినవాళ్ళకి మొదటి మూడు రోజులూ కడుపు చూసి వండాలి, నాలుగో రోజు నుంచి నోరు చూసి వండొచ్చు. నేనూ అదే పాటించాను. పొద్దున ఇడ్లీ, ఉడకబెట్టిన గుడ్లు, చక్రకేళి అరటిపళ్ళు. మధ్యాహ్నం అన్నం, నెయ్యి వేసిన ముద్దపప్పు, మిరియాలతో బంగాళాదుంప వేపుడు. కోడికూర అల్లం, మిరియాలు, కొత్తిమీరతో సరిపెట్టండి. మనవాళ్ళ కోసం కారం గిన్నె పక్కన పెడితే వాళ్ళే కలుపుకుంటారు. కోసి పెట్టిన పళ్ళు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ఐసు దగ్గరికి రానివ్వొద్దు. కొబ్బరిబొండాం వాళ్ళ కళ్ళముందు కొట్టించి ఇవ్వండి, దానికి మించింది లేదు. నీళ్ళు కాచి ఇస్తే చాలు, కానీ పళ్ళు తోముకోవడానికి కూడా ఆ నీళ్ళే ఇవ్వాలి. తాగేటప్పుడు అంత జాగ్రత్తగా ఉండి, పొద్దున్నే కుళాయి కింద పుక్కిలించి మంచం పట్టినవాళ్ళని నేను ఎంతమందినో చూశాను. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఓ ఇరవై ఇంట్లో ఉంచుకోండి.

వేరుశనగ సంగతి మాత్రం గట్టిగా పట్టుకోండి. వాళ్ళలో వేరుశనగ పడనివాళ్ళు ఉంటారు. పడదంటే మనకి వంకాయ తింటే దురద పుట్టినట్టు కాదు, గొంతు వాచి ఊపిరాడదు. ఒకసారి హైదరాబాదు నుంచి వస్తూ దారిలో టిఫిన్‌కి ఆగాం. టీములో పంతొమ్మిదేళ్ళ పిల్లకి ఈ బాధ ఉంది. సప్లయర్ కుర్రాణ్ణి అడిగితే ‘కొబ్బరి చట్నీయేనండీ’ అన్నాడు. ఎందుకో నాకు మనసొప్పక వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. పల్లీలు. ఆ పిల్ల అప్పటికే దోసె ముక్క తుంచి చట్నీ వైపు చెయ్యి చాచింది. నేను ప్లేటు లాగిన ఊపుకి చట్నీ అంతా నా చీర మీదికొచ్చింది. ఆ మరక పోలేదు, చీర ఇంకా నా దగ్గరే ఉంది. కాబట్టి ఎవరికి ఏం పడదో పేరుపేరునా ముందే రాసి పంపమనండి. అలాంటప్పుడు వేసే సూదిమందు ఎవరి సంచిలో ఉంటుందో కూడా.

ఇక మీరు ఉత్తరం చివర ఇరికించి రాసిన మాట. నూటికి రెండు చొప్పున లక్షన్నరకి నెలకి మూడు వేలు. మీ సంఘంలో నెలకి చందా ఎంతొస్తుందో మీకు తెలుసు. పదో రోజున వాళ్ళు విమానం ఎక్కుతారు. ఏసీ గోడకి ఉంటుంది, వడ్డీవాడు గుమ్మంలో ఉంటాడు. అక్కడివాళ్ళకి ఇదంతా మీ ఇంట్లో ముందునుంచీ ఉన్నదే అనిపిస్తుంది, ఎందుకంటే ఎవరూ చెప్పరు. నేను చూసినంతలో ఇలా వచ్చేవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ. చెబితే వింటారు. మనమే ‘మీ ఇష్టం బ్రదర్, మీరెలా అంటే అలా’ అని ఊరుకుంటాం, అదే మర్యాద అనుకుంటాం. మేం ఏం చేయాలి అని వాళ్ళు అడిగేది నిజంగా తెలియకే. దానికి ‘మీ ఇష్టం’ అన్నది జవాబు ఎలా అవుతుంది?

16 మంది వద్దు, ఆరుగురు చాలనండి. తెనాలిలోనో గుంటూరులోనో హోటల్లో దిగమనండి. విదేశీయుల్ని తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి, అన్ని హోటళ్ళూ తీసుకోవు. గది అద్దె, వ్యాను కిరాయి, వంటమనిషి కూలి వాళ్ళే ఎవరిది వాళ్ళకి నేరుగా ఇచ్చుకోవాలి. మీ చేతిమీదుగా ఏదీ వద్దు. ఎందుకో కింద మంగళగిరి మాస్టారికి రాశాను, చూడండి.

బహిరంగ కూడికల దగ్గర నేను మొహమాటపడను. మన దేశానికి వచ్చిన విదేశీయులు గుడికైనా మసీదుకైనా చర్చికైనా వెళ్ళొచ్చు, కూర్చుని వినొచ్చు. టూరిస్టు వీసా మీద వచ్చి మత ప్రసంగాలు చేయడం, కరపత్రాలు పంచడం, మతమార్పిడికి పూనుకోవడం కుదరదు. ఇవి కేంద్ర హోంశాఖ నియమాలు. మిషనరీ వీసా అని వేరే ఉంది గానీ పది రోజుల ప్రయాణానికి దాని జోలికి ఎవరూ పోరు. ఏ ప్రతిఫలమూ తీసుకోకుండా నెల లోపు స్వచ్ఛందంగా పని చేయడానికి ఈ-టూరిస్టు వీసాలో వీలుంది. వీసా ఫారంలో ఆ నిజమే రాసి, వచ్చి చేతులతో చేసే పని చేయమనండి. మైకు మీ అయ్యగారి దగ్గరే ఉంటుంది. ‘మనూళ్ళో ఎవరు చూడొచ్చారు’ అంటారాయన. ఫోను లేని కుర్రాడు మీ ఊళ్ళో ఉన్నాడా? గొడవైతే వాళ్ళని వెనక్కి పంపేస్తారు. ఆ తర్వాత స్టేషను చుట్టూ తిరగాల్సింది మీ ఆయన.

1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చేనాటికి ఆయనకి 49 ఏళ్ళు. ఆ వయసులో కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు. మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1930లో ఇక్కడే కన్నుమూసింది. ఆమె పేరున్న ఆసుపత్రిలోనే నేను పుట్టాను. పది రోజులకి వచ్చేవాళ్ళ నుంచి నలభై ఏడేళ్ళ పని మనం ఆశించకూడదు, చేసేస్తామని వాళ్ళూ అనుకోకూడదు.

మెడికల్ క్యాంపు కూడా అంతే. ఇద్దరు నర్సులున్నారు కదా అని పెట్టేయకండి. వాళ్ళ లైసెన్సు వాళ్ళ దేశంలో చెల్లుతుంది. విదేశీ డాక్టరైనా సరే, ఇక్కడ రోగిని చూడాలంటే నేషనల్ మెడికల్ కమిషన్ నుంచి తాత్కాలిక అనుమతి ఉండాలి. సూట్‌కేసుల్లో తెచ్చిన మాత్రలు పంచడం అసలే వద్దు. మింగినాక ఒళ్ళంతా దద్దుర్లొస్తే అడగడానికి ఇచ్చిన మనిషి ఊళ్ళో ఉండదు.

ఈ సలహా నా తప్పులోంచి వచ్చింది. చాలా ఏళ్ళ కిందట ఒక టీము రెండు సూట్‌కేసుల నిండా వాడేసిన కళ్ళజోళ్ళు తెచ్చింది. మిరపకాయల ముచ్చికలు తీసే పనికి వెళ్ళే ఆడవాళ్ళ కాలనీలో పంచాం. చార్టు లేదు, పరీక్ష లేదు. పెట్టుకో, కనబడుతుందా, అయితే నీదే. ఒకావిడ నాలుగో జోడు పెట్టుకుని ‘బాగా కనబడుతుందమ్మా’ అంది. దొరసాని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఆశగా చూస్తుంటే కనబడటం లేదని ఏ నోటితో అంటుంది? టీము వెళ్ళిన వారానికి తలనొప్పని నా దగ్గరికి వచ్చింది. కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఏ కళ్ళజోడుకీ లొంగేవి కావు. ఆపరేషన్ చేయించాం, ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తోంది. ఆ జోడు మాత్రం పారేయలేదు. ఆదివారం చర్చికి పెట్టుకొస్తుంది, అద్దాల పైనుంచి చూస్తుంది.

మీకు దగ్గర్లో పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. పల్లెల్లో ఉచిత శిబిరాలు పెట్టి, శుక్లాలున్నవాళ్ళని తీసుకెళ్ళి ఆపరేషన్ చేసి తిరిగి దింపుతారు. విజయవాడ వైపువాళ్ళకి తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ వాళ్ళ ఆసుపత్రి ఉంది. మీ ఊళ్ళో ఒక శిబిరం పెట్టమని అయ్యగారినీ సర్పంచినీ కలిపి అడగమనండి. టీము వాళ్ళు ముసలివాళ్ళ చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తారు, వరస చూస్తారు, మంచినీళ్ళిస్తారు. శిబిరాల్లో ఎప్పుడూ తక్కువపడేది ఆ చేతులే. ముందు ప్రార్థన, తర్వాత పరీక్ష అనే పద్ధతి మాత్రం పెట్టకండి. కళ్ళు కనబడనివాళ్ళ దగ్గర బేరం పెట్టినట్టుంటుంది.

జూన్ వాళ్ళకి సెలవులు. మనకి రెండో వారంలో బడులు తెరుస్తారు, పిల్లలు దొరకరు. ఎండా తగ్గదు. మన వి.బి.ఎస్.లు మే నెలలో అయిపోతాయి. నన్నడిగితే సంక్రాంతి హడావుడి తగ్గాక జనవరి 20 తర్వాత రమ్మంటాను, ఫిబ్రవరి మొదటి వారంలో పంపించేస్తాను. ఆ నెల 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్ళు, విజయవాడలో గది దొరకదు. జనవరిలో అయితే వాళ్ళ కాలేజీ పిల్లలు రాలేరు. రిటైరైన వడ్రంగులు, టీచర్లు, నర్సులు వస్తారు. నాకైతే వాళ్ళే మేలు. సెల్ఫీలు తక్కువ, చెప్పిన మాట వింటారు. వి.బి.ఎస్. పెట్టినా పాఠం మీ సండేస్కూల్ టీచర్లు చెప్పాలి. పక్క వీధి హిందూ, ముస్లిం పిల్లలు పాటలకీ బిస్కెట్లకీ వస్తారు, రాకుండా ఉండరు. వాళ్ళ అమ్మానాన్నలకి చెప్పకుండా ఒక్కరిని కూడా కూర్చోబెట్టుకోకండి.

ఇదంతా అయ్యగారితో ఎలా చెప్పాలన్నదే కదా మీ బెంగ. ఆయన్ని కాదనమనకండి, ఆయన వల్ల కాదు. సంఘ పెద్దల చేత తీర్మానంగా రాయించండి. ‘మా పెద్దలు ఇలా నిర్ణయించారు, ఆరుగురు, ఫలానా తేదీలు, ఖర్చులు మీవి, మైకు మాది’ అని ఉత్తరం వెళ్తే అయ్యగారి మాట పోదు. వాళ్ళ చర్చిల్లోనూ అన్నీ కమిటీలే, ఆ భాష వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ఈ పత్రిక పెద్దల్లో ఎవరో ఒకరి ఇంటికి చేరేట్టు చూడండి. మిగతాది అదే నడుస్తుంది.

ప్రశ్న: మేడమ్‌గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. మేం హిందువులం. మా పక్కింటి క్రిస్టియన్ మిత్రులు తమ చర్చికి వచ్చే నలుగురు కొరియావాళ్ళని మా పై పోర్షన్‌లో వారం రోజులు ఉంచమంటున్నారు. ఇరవై ఏళ్ళ స్నేహం, కాదనలేను. చిక్కులేమైనా ఉన్నాయా?
— ఒక ఇంటి ఓనరు

జవాబు: అయ్యా, మీ స్నేహానికి నమస్కారం. చిక్కు ఒకటే, దాని పేరు మొన్నటిదాకా ఫారం సి, ఇప్పుడు ఫారం III. విదేశీయుడికి పడక ఇచ్చినవాళ్ళు, హోటలైనా సొంతిల్లైనా, మనిషి దిగిన 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ఈ ఫారం పంపాలి. అద్దె తీసుకోకపోయినా పంపాలి. 1946 నాటి ఫారినర్స్ చట్టం పోయి 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, ఈ బాధ్యత మాత్రం పోలేదు.

ఫారం పంపడానికి ముందు మీ ఇంటి పేరు మీద లాగిన్ తీసుకోవాలి. దానికి ఆమోదం రావాలి. అందుకని వాళ్ళు విమానం ఎక్కాక మొదలుపెట్టకండి, నెల ముందే పెట్టుకోండి. పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు, ఫొటో ముందే తెప్పించుకోండి. ఇండియాలో దిగిన తేదీ, మీ ఇంటికి వచ్చిన తేదీ, ఇక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తారు, అన్నీ ఆ ఫారం అడుగుతుంది.

ఒకసారి మేం వంటల హడావుడిలో మర్చిపోయాం. మూడో రోజు పొద్దున స్పెషల్ బ్రాంచి కానిస్టేబుల్ ఒకాయన వచ్చి, కాఫీ తాగి, చాలా మెల్లగా ‘అమ్మా, మీరు చదువుకున్నవాళ్ళు’ అన్నాడు. తిట్టినా అంత సిగ్గేసేది కాదు. ఆ రోజంతా నేను ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని, పాస్‌పోర్టు నంబర్లలో సున్నా ఏదో ఓ ఏదో తేల్చుకోలేక అవస్థ పడ్డాను.

ఇంకోటి. పైన నీచు వండొద్దనుకుంటే వాళ్ళు రాకముందే మీ మిత్రులతో చెప్పించండి. వచ్చాక వాసన పట్టుకుని మెట్లెక్కితే ఇరవై ఏళ్ళ స్నేహానికి బాగుండదు.

ప్రశ్న: ఆంటీ, నేను గుంటూరులో డిగ్రీ ఫైనలియర్. మా చర్చికి టీములొస్తే ట్రాన్స్‌లేషన్ నన్నే చేయమంటారు. ఇళ్ళకి తీసుకెళ్ళి మాట్లాడించాలి. వాళ్ళు గబగబా మాట్లాడతారు, సగం అర్థం కాదు. రోజంతా తిప్పుకుని చివర్లో టీషర్ట్ ఇస్తారు. డబ్బు అడగొచ్చా? అడిగితే భక్తి లేదంటారేమో.
— ఒక కుర్రాడు

జవాబు: బాబూ, అడుగు. రోజుకింత అని ముందే మాట్లాడుకో. ‘ఇది సేవ కదా’ అని నీకు చెప్పే పెద్దమనుషులు వ్యాను డ్రైవరుకి రోజు లెక్కన ఇస్తున్నారు, ఆయన భక్తి సంగతి ఎవరూ అడగలేదు.

పని సంగతి. ఇళ్ళకి బయల్దేరకముందు అరగంట వాళ్ళతో కూర్చుని, ఏం మాట్లాడాలనుకుంటున్నారో నీకు చెప్పమను. ఒక్కో వాక్యం దగ్గర ఆగమను. సామెతలు, బేస్‌బాల్ ముచ్చట్లు మానుకోమను. నేను వయసులో ఉండగా, అప్పట్లో ఈ నియమాలేవీ మాకు తెలియవు, ఒక దొరసాని స్త్రీల కూడికలో ‘ఐ యామ్ ఆన్ ఫైర్ ఫర్ గాడ్’ అంది. నేను తడుముకోకుండా ‘దేవుని విషయమై నేను మండిపోతున్నాను’ అనేశాను. ముందు వరసలో ముసలమ్మ లేచి ‘ఆయనేం చేశాడమ్మా, అంత కోపం’ అంది. నవ్వు ఆగడానికి పది నిమిషాలు పట్టింది. ఎందుకు నవ్వుతున్నారో దొరసానికి చెప్పడానికి ఇంకో పది.

వాళ్ళ ‘యూ’ ఒకటే. నువ్వు దాన్ని ఎదుటి మనిషిని బట్టి మీరు చెయ్యాలి, పెద్దమ్మా అని చేర్చాలి. పాస్టరుగారిని వాళ్ళు పేరు పెట్టి పిలిస్తే నువ్వు అయ్యగారనే అనాలి. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటి చెబుతాను. అటునుంచి ఇటు తప్పు చెబితే నవ్వి ఊరుకుంటారు. ఇటునుంచి అటు చెప్పేటప్పుడు మనవాళ్ళు చేసే మోసం ఎవరికీ కనబడదు. ఒక ఇంట్లో టీము కూర్చుంది. ఆ ఇంటామె ‘మాకు మరుగుదొడ్డి లేదు బాబూ, ఆడపిల్లలతో చీకట్లో పొలానికి పోతున్నాం’ అంది. పక్కనున్న కుర్రాడు ఇంగ్లీషులో ‘మీరు వచ్చినందుకు ఆమె చాలా సంతోషంగా ఉంది’ అన్నాడు. దొరలు ఆమె చేతులు పట్టుకుని నవ్వారు. ఆమెకి ఏం అర్థమయిందో నాకు తెలియదు. బయటికొచ్చాక ఎందుకలా చేశావురా అంటే, ఊరి పరువు పోతుందన్నాడు. నువ్వు అలా చేయకు. ఆమె అన్నది అన్నట్టు చెప్పు. పరువు సంగతి పంచాయతీ చూసుకుంటుంది.

ప్రశ్న: అక్కా, నేను విజయవాడ కృష్ణలంకలో సండేస్కూల్ టీచర్ని. టీము వాళ్ళు వచ్చిన గంటలో పిల్లల్ని ఎత్తుకుని వందల ఫొటోలు తీస్తారు. పిల్లలు కూడా సరదా పడతారు. వద్దంటే బాగుంటుందా?
— ఒక టీచర్

జవాబు: అమ్మా, మీ విజయవాడలోనే జరిగింది చెబుతాను. కాలవకట్ట మీద ఇడ్లీ బండి పెట్టుకుని బతికే ఒకామెకి ఏడేళ్ళ కొడుకు. మిట్టమధ్యాహ్నం చొక్కా లేకుండా ఆడుకుంటున్న వాడి ఫొటో ఒక టీము తీసింది. రెండేళ్ళకి చందాల కోసం విదేశంలో అచ్చేసిన రంగుల కాగితం ఎవరి సామానులోనో తిరిగి వచ్చింది. దాని మీద వాడే. కింద అనాథ బాలుడని ఉంది. నేను ఆ కాగితం పట్టుకుని బండి దగ్గరికి వెళ్ళాను. ఆమెకి ఇంగ్లీషు రాదు. ఏం రాశారక్కా అని అడిగింది. చెప్పాను. ఆమె కాగితాన్ని తడి చేత్తో పట్టుకుని కాసేపు చూసి, ‘మరి నేనెవర్ని?’ అంది. పక్కన వాడు ప్లేట్లు కడుగుతున్నాడు.

ఆ ఏడు నుంచి మా టీములకి నేను పెట్టిన నియమం ఇది: మొదటి మూడు రోజులు ఫోన్లు సంచిలో. తర్వాత అమ్మో నాన్నో పక్కనుంటే, అడిగి, వాళ్ళతో కలిపి తీసుకోవచ్చు. బాలల గృహాల్లో అసలు తీయకూడదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం అక్కడి పిల్లలెవరో బయటికి తెలిసేలా ఫొటో గానీ పేరు గానీ ప్రచురించడం నేరం. అసలు ఆ గృహానికి అదే చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో కనుక్కున్నాకే గడప తొక్కండి. లేకపోతే టీముని అటు తీసుకెళ్ళకండి.

బాగుంటుందా అని అడిగావు. మొదటి రోజు బాగుండదు. మొహాలు ముడుచుకుంటారు. మూడో రోజుకి పిల్లలతో కుర్చీలాట ఆడుతూ ఫోను ఎక్కడ పెట్టారో మర్చిపోతారు.

ప్రశ్న: మాది మంగళగిరి. రిటైర్డ్ టీచర్ని, సంఘంలో కోశాధికారిని. వెళ్ళేముందు రాత్రి టీము లీడరు కవర్లో డాలర్లు పెట్టి, చర్చి ప్రహరీకని నా చేతిలో పెట్టాడు. మరునాడు ఉదయం తిరిగిచ్చేశాను. సంఘంలో సగంమంది నాతో మాట్లాడటం లేదు. నేను చేసింది తప్పా?
— ఒక మాస్టారు

జవాబు: మాస్టారూ, తప్పు కాదు, మీరు సంఘాన్ని కాపాడారు. సంఘం పనికి విదేశీయులిచ్చే డబ్బు, డాలర్లయినా రూపాయలయినా, అమెరికాలో ఇచ్చినా మంగళగిరిలో ఇచ్చినా విదేశీ విరాళమే. 2010 ఎఫ్.సి.ఆర్.ఏ. (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకి కూడా 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి.

‘పెద్ద సంస్థకి పంపిస్తే వాళ్ళు మనకి ఇస్తారు’ అని మీ వాళ్ళలో ఎవరో ఒకరు ఈపాటికి అనే ఉంటారు. అదీ కుదరదు. ఒక సంస్థకి వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి బదలాయించడాన్ని అదే సవరణలో ఆపేశారు. వాళ్ళు దిగిన హోటలుకి, ఎక్కిన బండికి, తిన్న భోజనానికి డబ్బివ్వడం వేరు. అది సరుకుకి, పనికి ఇచ్చే వెల. ప్రహరీ గోడ అలా కాదు. మీ చందాలతో కట్టుకోండి, రెండేళ్ళు పట్టనివ్వండి. మాట్లాడనివాళ్ళలో ఇటుకల బట్టీ ఉన్నాయన ఎవరైనా ఉంటే ముందు ఆయనతో మీరే మాట్లాడండి.

ప్రశ్న: టీము తిరిగి వెళ్ళేటప్పుడు ఏం బహుమతి ఇస్తే బాగుంటుంది?
— స్త్రీల సమాజం సభ్యురాళ్ళు, గుంటూరు

జవాబు: శాలువాలు మానండి. ఒక్కొక్కరికి నాలుగు సంఘాల్లో నాలుగు శాలువాలు కప్పి, వాటిని హోటలు గదిలో వదిలేసి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. కొండపల్లి బొమ్మ ఇవ్వండి. తేలిక చెక్క, పెట్టెలో బరువుండదు. లేకపోతే మంగళగిరి నూలు చున్నీ. గోంగూర పచ్చడి అడుగుతారు, మొదటి రోజు ఏడ్చినవాళ్ళే పదో రోజు అడుగుతారు. ఇక్కడే తినిపించి పంపండి, సీసా మాత్రం ఇవ్వకండి. మూతకి మైనం పెట్టి, టేపు చుట్టి, మూడు కవర్లలో పెట్టినా నూనె కారుతుంది. ఒక పాస్టరుగారి తెల్ల చొక్కాలన్నీ నా పచ్చడి రంగులో షికాగోలో దిగాయి.